సీటు లేదన్నారా? ముందు కారణం రాసివ్వమనండి

కోలారు జిల్లా శ్రీనివాసపురంలో మే నెలాఖరు, జూన్ మొదటి వారాలు ఇంటింటికీ రెండు పనుల కాలం. ఒక పక్క మామిడి కోతలు, మండీలు, లారీలు. ఇంకో పక్క బడుల్లో అడ్మిషన్లు. కోత నాలుగు రోజులు ఆలస్యమైతే కాయ చెట్టు మీదే పండిపోతుంది. అడ్మిషన్ ఆలస్యమైతే "సీట్లు అయిపోయినాయప్పా" అనే మాట వినాల్సి వస్తుంది. చాలామంది తండ్రులు తోట పని మధ్యలో వదిలి బడికి వచ్చి, హెడ్మాస్టర్ గది ముందు కాసేపు నిలబడి, లేదన్న మాట విని, ఉడికిపోతూ మండీకి తిరిగి వెళ్తారు. ఆ కోపం సాయంత్రానికి ఇంట్లో ఎవరో ఒకరి మీద పడుతుంది. బడివాళ్ల నిర్ణయం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఈ అధ్యాయం ఆ తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. ఇందులో చెప్పదలచుకున్నది ఒక్కటే. సీటు ఇవ్వమని బతిమాలే ముందు, ఎందుకు ఇవ్వలేదో రాసివ్వమని అడగండి.

కారణం కాగితం మీదికి వస్తే దాన్ని పరీక్షించవచ్చు. అది తప్పయితే పై అధికారి ముందు పెట్టవచ్చు. సరైనదే అయితే ఒప్పుకుని, వృథాగా తిరగకుండా వేరే దారి వెతుక్కోవచ్చు. నోటిమాటతో వచ్చిన "లేదు" మీద అప్పీలు నిలబడదు. రేపు పై అధికారి పిలిపించి అడిగితే "నేనెప్పుడు లేదన్నాను, కాగితాలు తెమ్మన్నాను" అని అవతలివాళ్లు అనవచ్చు. అప్పుడు మీ దగ్గర మీ బాధ తప్ప ఇంకేమీ ఉండదు.

"లేదు" ఎన్ని రకాలు

అన్ని తిరస్కారాలూ ఒకటి కావు. మన తాలూకాలో తల్లిదండ్రులకు వినబడే "లేదు" ఎక్కువగా నాలుగు రకాలు. మీకు ఎదురైనది ఏ రకమో తేల్చుకుంటే సగం దారి నడిచినట్టే.

మొదటిది, కాగితాలు లేవనడం. మదనపల్లి వైపు నుంచో పుంగనూరు వైపు నుంచో కుటుంబం ఇటు మారుతుంది. అక్కడి బడి టీసీ (బదిలీ పత్రం) ఇంకా ఇచ్చి ఉండదు. ఇక్కడి బడిలో "టీసీ తెచ్చినాక రండి" అంటారు. విద్యా హక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. దాని 5వ సెక్షను ప్రకారం పిల్లవాడు రాష్ట్రం లోపలే కాదు, ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి మారినా ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లోకి బదిలీ కోరే హక్కు ఉంది. పాత బడి హెడ్మాస్టర్ టీసీ వెంటనే ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందన్న సాకుతో కొత్త బడి చేర్చుకోవడం ఆపకూడదు. వయసు రుజువు లేదన్న కారణంతో కూడా పిల్లలను వెనక్కి పంపకూడదని అదే చట్టం 14వ సెక్షను చెబుతుంది. విద్యా సంవత్సరం మొదలైన తర్వాత వచ్చారని కాదనకూడదని 15వ సెక్షను చెబుతుంది. ఈ రకం "లేదు" మీద అర్జీ పెడితే గెలిచే అవకాశం చాలా ఎక్కువ. అయినా ఎక్కువమంది తల్లిదండ్రులు తలవంచుకుని వెళ్లిపోయేది ఇక్కడే.

రెండోది, వయసు చాలదనడం. దీని వెనక ప్రభుత్వ ఆదేశం ఉంటుంది కాబట్టి హెడ్మాస్టర్‌తో వాదించి లాభం లేదు. ఏ సంవత్సరానికి ఏ ఆదేశం నడుస్తోందో మాత్రం కచ్చితంగా తెలుసుకోవాలి. దాని గురించి కింద వివరంగా చెబుతాను.

మూడోది, పరీక్షలో రాలేదనడం. ఇందులో రెండు సంగతులున్నాయి. ఆరేళ్లు నిండిన పిల్లవాడిని మామూలు బడిలో చేర్చుకోవడానికి పిల్లవాడికి గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టడాన్ని 13వ సెక్షను నిషేధించింది. మొదటిసారి పెడితే 25,000 రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారికీ 50,000 రూపాయల దాకా జరిమానా ఉంది. క్యాపిటేషన్ ఫీజు వసూలు చేస్తే దానికి పదిరెట్ల దాకా జరిమానా. కన్నడం రాదని పరీక్ష పెట్టి పంపేసినా సంగతి ఇంతే. పిల్లవాడికి కన్నడం రాకపోతే నేర్పవలసింది బడే.

నవోదయలాంటి బడుల సంగతి వేరు. అక్కడ ప్రవేశ పరీక్షే ఎంపిక. మార్కుల మీద వాదన సాగదు, అర్హత మీద మాత్రం సాగుతుంది. నవోదయలో ఆరో తరగతికి జిల్లాలో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలవి. గ్రామీణ కోటా కావాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు మూడూ గ్రామీణ ప్రాంతంలోని బడిలోనే చదివి ఉండాలి. ఆ మూడేళ్లలో ఒక్కరోజు పట్టణ బడిలో చదివినా ఆ పిల్లవాడు పట్టణ అభ్యర్థి అవుతాడు. నవోదయ మీద ఆశతోనే పల్లె నుంచి నాలుగో తరగతిలో శ్రీనివాసపురం కాన్వెంటుకు మార్చే తల్లిదండ్రులు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. పరీక్ష రాసే అవకాశం కూడా ఒక్కసారే. ఇక్కడ జరిగే నష్టాన్ని ఏ అప్పీలూ సరిదిద్దలేదు. ముందుజాగ్రత్త ఒక్కటే దిక్కు.

నాలుగోది, మా బడి ఆ కోటాలోకి రాదనడం. ఇది 25 శాతం సీట్ల వ్యవహారం. కర్ణాటకలో తల్లిదండ్రులు అందరికంటే ఎక్కువ కష్టపడి, అందరికంటే ఎక్కువ నిరాశపడింది దీని గురించే.

గొడవ నిర్ణయం మీదా, రూలు మీదా

విద్యా హక్కు చట్టం 12వ సెక్షను ప్రకారం ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో కనీసం 25 శాతం సీట్లు పేద, వెనకబడిన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. 2012 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. ఎయిడ్ లేని మైనారిటీ బడులను అప్పుడే మినహాయించింది. 2014లో ఎయిడెడ్ మైనారిటీ బడులనూ మినహాయించింది. కర్ణాటకలో ఏళ్ల తరబడి వేలాది కుటుంబాలు ఈ కోటాలో ఆన్‌లైన్ అర్జీలు పెట్టి, లాటరీ కోసం ఎదురుచూశాయి.

2019 మొదట్లో రాష్ట్ర ప్రభుత్వం నియమాన్ని మార్చింది. పరిసరాల్లో ప్రభుత్వ బడి గానీ ఎయిడెడ్ బడి గానీ ఉంటే ఆ చుట్టుపక్కల ప్రైవేటు బడిలో ఈ కోటా వర్తించదని చెప్పింది. తల్లిదండ్రుల తరఫున కొందరు హైకోర్టుకు వెళ్లారు. 2019 మే 31న హైకోర్టు ప్రభుత్వ నియమాన్నే నిలబెట్టింది. శ్రీనివాసపురం లాంటి చోట దాదాపు ప్రతి వీధికీ, ప్రతి ఊరికీ దగ్గరలో ఒక ప్రభుత్వ బడి ఉంటుంది. అందువల్ల తమ పిల్లవాడికి కాన్వెంటులో ఉచిత సీటు వస్తుందని ఆశపడిన కూలివాళ్లకు, చిన్న రైతులకు ఆ దారి చాలావరకు మూసుకుపోయింది.

ఇలాంటప్పుడు కాన్వెంటు ప్రిన్సిపాల్ మీద కేకలు వేస్తే ఏం వస్తుంది? ఆయన చేతిలో లేని దాన్ని ఆయన ఇవ్వలేడు. మీ ఫిర్యాదు ఆయన నిర్ణయం మీద కాదు, విధాన సౌధలో తయారైన రూలు మీద. రూలు మీద ఒక్కడు పెట్టే అర్జీకి బలం తక్కువ. పదిమంది కలిసి ఎమ్మెల్యేకు, విద్యాశాఖకు విన్నవిస్తే బలం పెరుగుతుంది. ఊళ్లోని ప్రభుత్వ బడి బాగుపడాలని ఎస్‌డీఎంసీలో (బడి అభివృద్ధి, పర్యవేక్షణ కమిటీలో) కూర్చుని పోరాడితే ఇంకా పెరుగుతుంది. 2019-20లో రాష్ట్రంలో 1000 ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం సెక్షన్లు మొదలయ్యాయి. మీ బడికి అలాంటిది కావాలని అడగడం కూడా రూలు మీద చేసే పోరాటంలో భాగమే.

రూలు మీద పోరాటం వృథా అనుకోకండి. వయసు వ్యవహారమే చూడండి. ఒకటో తరగతికి జూన్ 1 నాటికి ఆరేళ్లు నిండి ఉండాలని 2022 జూలైలో కర్ణాటక ప్రభుత్వం ఆదేశించింది. అప్పటికే ఎల్‌కేజీలో చేరిపోయిన పిల్లల తల్లిదండ్రులు ఒక ఏడాది నష్టపోతామని మొరపెట్టుకున్నారు. అదే ఏడాది నవంబరులో అమలును 2025-26కు వాయిదా వేశారు. ఆ సంవత్సరం దగ్గరపడ్డాక తల్లిదండ్రులు మళ్లీ విజ్ఞప్తులు చేశారు. 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వం యూకేజీ పూర్తిచేసిన పిల్లలకు ఆ ఒక్క సంవత్సరానికి అయిదేళ్ల అయిదు నెలలు నిండితే చాలని సడలింపు ఇచ్చింది. 2026-27 నుంచి ఆరేళ్ల నియమమే ఉంటుందని అప్పుడే ప్రకటించింది.

ఈ కథలో రెండు పాఠాలున్నాయి. ఒకటి, బడి గేటు దగ్గర మారనిది ప్రభుత్వం దగ్గర మారింది. అది కూడా తల్లిదండ్రులు కలిసి, ఒకే కోరికతో, విడవకుండా అడిగినందువల్ల. రెండోది, ఈ ఆదేశాలు ఏటేటా మారవచ్చు. కాబట్టి "పోయినేడు పక్కింటివాళ్ల పాపను తీసుకున్నారే" అనే వాదన చెల్లదు. ఈ ఏడాది ఆదేశం కాపీ సంపాదించుకుని అప్పుడు మాట్లాడండి.

ఒక తండ్రి వెనక్కి తగ్గకపోతే

మన జిల్లాకు దూరం కాని తుమకూరులో జరిగిన సంగతి ఇది. అక్కడి ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీలో చేరడానికి ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ నుంచి మోహినీ జైన్ అనే అమ్మాయి దరఖాస్తు చేసింది. ప్రభుత్వ సీటుకు ఏడాదికి 2,000 రూపాయలు. మిగతా సీట్లకు కర్ణాటక విద్యార్థులైతే 25,000, బయటివాళ్లైతే 60,000. మొదటి ఏడాది 60,000 కట్టి, మిగిలిన ఏళ్లకు బ్యాంకు గ్యారంటీ ఇమ్మన్నారు. అంత తన వల్ల కాదని ఆ అమ్మాయి తండ్రి చెప్పాడు. సీటు ఇవ్వలేదు.

ఆ కుటుంబం సుప్రీంకోర్టుకు వెళ్లింది. చదువు పౌరుడి ప్రాథమిక హక్కేనని 1992 జూలై 30న కోర్టు తీర్పు చెప్పింది. మరుసటి సంవత్సరం ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ హక్కుకు హద్దు గీసింది. పద్నాలుగేళ్ల దాకా ఉచిత విద్య హక్కు, ఆ పైన ప్రభుత్వ ఆర్థిక స్థోమతను బట్టి అని చెప్పింది. 2002లో 86వ రాజ్యాంగ సవరణ, 2009లో విద్యా హక్కు చట్టం ఆ దారిలోనే వచ్చాయి. ఇవాళ శ్రీనివాసపురంలో ఒక కూలి తల్లి "టీసీ లేకపోయినా చేర్చుకోవాలి సార్" అని ధైర్యంగా అడగగలుగుతోందంటే, దాని వెనక ఇలాంటి ఫిర్యాదులున్నాయి.

మీరంతా సుప్రీంకోర్టుకు వెళ్లాలని నేను అనడం లేదు. ఆ కుటుంబం దగ్గర ఒక స్పష్టమైన కారణం ఉంది. ఎంత అడిగారు, ఏ ఆదేశం ప్రకారం అడిగారు అన్నది కాగితం మీద ఉంది. ఆ కాగితాన్నే కోర్టు పరీక్షించింది. ఫిర్యాదు బలం ఎంత గట్టిగా అరిచామన్న దానిలో ఉండదు. ఎంత కచ్చితంగా చెప్పామన్న దానిలో ఉంటుంది.

అడిగే తీరు

హెడ్మాస్టర్ ముందు ఇలా అడగవచ్చు:

"సార్, మా పాపకి సీటు లేదంటిరి. నేను గొడవకి రాలేదు. కారణం ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తే చాలు. మీరు చెప్పింది సరైతే నేను ఒప్పుకుంటా."

ఈ మాటలో మర్యాద ఉంది, పట్టూ ఉంది. చాలాసార్లు ఈ ఒక్క మాటకే పని అవుతుంది. తప్పుడు కారణాన్ని నోటితో చెప్పడం తేలిక, సంతకం పెట్టి రాసివ్వడం కష్టం. రాసివ్వాల్సి వస్తుందని తెలిసినప్పుడు ఆయనే రూలు ఒకసారి తిరగేసి చూస్తారు.

రాసివ్వనంటే? అప్పుడు మీరే రాయండి. "ఫలానా తేదీన ఫలానా తరగతికి మా పాపను చేర్చమని అడిగాం, ఫలానా కారణంతో కాదన్నారు, దయచేసి రాతపూర్వకంగా జవాబివ్వండి" అని అర్జీ రాసి, రెండు ప్రతులు తీసుకుని, ఒక ప్రతి మీద ఆఫీసు ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. మండీలో తూకం చీటీ చేతికి రాకుండా కదలని రైతు, కన్నబిడ్డ అర్జీని మాత్రం రసీదు లేకుండా ఇచ్చి వస్తాడు. ఇక మీదట అలా చేయకండి. ముద్ర వేయబోమంటే స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు దాచుకోండి. బెంగళూరులో పనికి తెల్లారే రైలెక్కే కేజీఎఫ్, బంగారుపేట తల్లిదండ్రులకు ఆఫీసు వేళల్లో తిరిగే వీలుండదు. వాళ్లకు పోస్టు దారే మంచిది.

ఇక భాష సంగతి. మన ఇళ్లలో తెలుగు, ఆఫీసుల్లో కన్నడం. అర్జీ కన్నడంలో రాయడం రాక ఆగిపోయేవాళ్లు, ఎవరో రాసిపెట్టిన దాని మీద చదవకుండా సంతకం పెట్టేవాళ్లు మన తాలూకాలో చాలామంది. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి తన బాధ విన్నవించుకునే హక్కు ప్రతి మనిషికీ ఉంది. కాబట్టి మీ అర్జీ ముందు మీకు వచ్చిన తెలుగులోనే రాసుకోండి. ఆలోచన సరిగ్గా నడిచేది అందులోనే. ఆ తర్వాత కన్నడం వచ్చినవాళ్ల చేత మార్పించి రెండూ జతచేయండి. కన్నడ ప్రతి ఉంటే అధికారి పని త్వరగా అవుతుంది. తెలుగు ప్రతి ఉంటే మీరు చెప్పింది చెప్పినట్టే రికార్డులో ఉంటుంది.

అయిదు వాక్యాల అర్జీ

అర్జీలో పెద్ద పెద్ద మాటలు వద్దు. "అన్యాయం", "దౌర్జన్యం", "కుట్ర" లాంటి మాటలు కొట్టేయండి. రాత్రి కోపంలో రాసింది పొద్దున్నే లేచి ఒకసారి చదవండి. విషయం చెప్పే వాక్యాలు ఉంచి, తిట్టే వాక్యాలు తీసేయండి. మిగిలిందే మీ అర్జీ. నమూనా ఇది:

"శ్రీనివాసపురం తాలూకా క్షేత్ర శిక్షణాధికారి (బీఈఓ) గారికి,

మా అబ్బాయి వయసు ___ ఏళ్లు, ___ తరగతి పాసయ్యాడు. ___ తేదీన ___ ప్రభుత్వ పాఠశాలలో ___ తరగతిలో చేర్చమని అడిగాం. టీసీ రాలేదన్న కారణంతో చేర్చుకోలేమని ___ తేదీన ప్రధానోపాధ్యాయులు చెప్పారు. టీసీ ఆలస్యమైనా చేర్చుకోవడం ఆపరాదని విద్యా హక్కు చట్టం 5వ సెక్షనులో ఉంది. కనుక మా అబ్బాయిని వెంటనే చేర్చుకునేలా ఆదేశించి, ఈ అర్జీ మీద మీ నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలపాలని కోరుతున్నాం.

జతపరచినవి: పాత బడి మార్కుల కార్డు నకలు, పాత బడికి టీసీ కోసం పెట్టిన అర్జీ నకలు."

పిల్లవాడు ఎవరు, ఏం అడిగారు, ఏం జవాబు వచ్చింది, ఏ రూలు దానికి అడ్డు, ఇప్పుడు ఏం కావాలి. ఈ అయిదూ ఉంటే చాలు. ఆఖరిది చాలామంది మరిచిపోతారు. రెండు పేజీలు బాధ చెప్పుకుని, ఏం చేయమంటారో మాత్రం చెప్పరు. అధికారికి ఫైలు మీద ఏం రాయాలో తోచదు, అర్జీ అక్కడే పడి ఉంటుంది.

అర్జీలో ఏ వాదన పెట్టాలో తేల్చుకోవడానికి బయటి దేశపు పద్ధతి ఒకటి పనికొస్తుంది. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో సీటు రాకపోతే తల్లిదండ్రులు స్వతంత్ర ప్యానెల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. అందులో కనీసం ముగ్గురు సభ్యులుంటారు. వాళ్లు ముఖ్యంగా రెండు ప్రశ్నలు వేసుకుంటారు. అడ్మిషన్ నియమాలను ఈ పిల్లవాడి విషయంలో సరిగ్గా పాటించారా? పాటించి ఉన్నా, ఇంకొకరిని చేర్చుకుంటే బడికి కలిగే ఇబ్బంది కంటే ఈ పిల్లవాడి అవసరం పెద్దదా? మనకు అలాంటి ప్యానెల్ లేకపోయినా ఆ రెండు ప్రశ్నలను అర్జీ రాసేటప్పుడు మీరే వేసుకోండి. మొదటి ప్రశ్నకు రూలుతో, రెండో ప్రశ్నకు పిల్లవాడి పరిస్థితితో జవాబు చెప్పండి. అక్క అదే బడిలో చదువుతోందనో, పిల్లవాడికి నడవడం కష్టమనో, తల్లి ఒక్కతే పెంచుతోందనో ఉంటే రుజువుతో రాయండి.

మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కండి

మొదటి మెట్టు హెడ్మాస్టర్. రెండోది తాలూకా బీఈఓ ఆఫీసు. అక్కడ తేలకపోతే కోలారులోని డీడీపీఐ (జిల్లా విద్యా ఉపనిర్దేశకుల) ఆఫీసు. ఆ పైన బెంగళూరులోని కర్ణాటక రాష్ట్ర బాలల హక్కుల రక్షణ కమిషన్. విద్యా హక్కు చట్టం 32వ సెక్షను ప్రకారం పిల్లల హక్కు గురించి ఎవరైనా స్థానిక అధికార సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. తల్లిదండ్రులే కానక్కర్లేదు, పక్కింటివాళ్లు, టీచరు, ఎస్‌డీఎంసీ సభ్యుడు ఎవరైనా సరే. ఇరుపక్షాల మాట విని మూడు నెలల్లో తేల్చాలి. ఆ నిర్ణయం నచ్చకపోతే రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

కింది మెట్టు దాటి నేరుగా పైకి పోతే పై అధికారి చాలాసార్లు ఆ అర్జీని కిందికే పంపుతాడు. రెండు వారాలు వృథా. కింది మెట్టు మీద వచ్చిన హింబరహాన్ని (రాతపూర్వక జవాబును) చేతిలో పట్టుకుని పైకి పోతే అదే మీ సాక్ష్యం.

మీ అర్జీ ఎక్కడుందో తెలియకపోతే సమాచార హక్కు చట్టం వాడండి. పది రూపాయల రుసుముతో బీఈఓ ఆఫీసులోని సమాచార అధికారికి అర్జీ పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. కర్ణాటకలో ఈ అర్జీ ఒకే విషయం మీద, 150 మాటలకు మించకుండా ఉండాలనే నియమం ఉంది. "ఫలానా తేదీన నేనిచ్చిన అర్జీ మీద తీసుకున్న చర్య, ఫైలులోని పేజీల నకళ్లు" అంటే సరిపోతుంది. "మా పిల్లవాడికి ఎందుకు అన్యాయం చేశారు" అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే అది సమాచారం కాదు.

మూడు నెలల గడువు అన్నాను కదా. జూన్‌లో పెట్టిన అర్జీ సెప్టెంబరు దాకా తేలకపోవచ్చు. అందాకా పిల్లవాడిని ఇంట్లో కూర్చోబెట్టకండి. ఇది ఈ అధ్యాయంలో అన్నిటికంటే ముఖ్యమైన సలహా. దగ్గరలోని ప్రభుత్వ బడిలో వెంటనే చేర్పించండి. మరో బడిలో చేరితే ఫిర్యాదు హక్కు పోతుందని చట్టంలో ఎక్కడా లేదు. "అక్కడే చేరాలి, లేకుంటే ఎక్కడా వద్దు" అని మూడు నెలలు పంతం పట్టిన తండ్రి, గెలిచినా కొడుకు మూడు నెలల చదువును వెనక్కి తేలేడు.

ఇంట్లో మాట్లాడే తీరు

పిల్లలు అన్నీ వింటారు. "నీకు సీటు రాలేదు" అనే మాటను అయిదేళ్ల పాప "నేను బాగా లేను" అని అర్థం చేసుకుంటుంది. లాటరీలో పేరు రాకపోయినా, రూలు మారినా, కాగితం ఆలస్యమైనా అందులో పిల్లల తప్పు ఏమీ లేదు. ఆ మాట పిల్లలకు నేరుగా చెప్పండి. "ఆ బడిలో చోటు లేదంట కన్నా, ఇంకో బడికి పోదాం. నీ పుస్తకాలు తీసుకో" అంటే చాలు.

నవోదయ పరీక్ష రాసి రాని పిల్లవాడి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. పదేళ్ల వయసులో వందలమందితో పోటీపడి, ఒక జిల్లాకు ఉన్న 80 సీట్లలో ఒకటి దక్కకపోవడం ఓటమిగా ముద్రపడకూడదు. పక్కింటి పిల్లవాడికి వచ్చిందని ఎత్తిపొడవకండి. అదే ఏడాది ఊళ్లోని హైస్కూల్లో లెక్కల టీచరును కలిసి, ఈ పిల్లవాడికి ఎక్కడ సాయం కావాలో అడగండి. ఆ అడగడం వల్ల జరిగే మేలు ఏ అప్పీలు వల్లా జరగదు.

మన బాధలో ఎంత భాగం పిల్లల కోసం, ఎంత భాగం నలుగురిలో తలెత్తుకోవడం కోసం అన్నది కూడా ఒంటరిగా కూర్చున్నప్పుడు ఆలోచించండి. కాన్వెంటు యూనిఫాం లేకపోతే చిన్నతనం అనిపిస్తుంది. ఆ భావన మనిషికి సహజం. కానీ అర్జీ పిల్లవాడి అవసరాన్ని మోయాలి. మన పరువును దాని మీద ఎక్కిస్తే అర్జీ దారి తప్పుతుంది.

ఎక్కడ ఆపాలి

కొన్ని అప్పీళ్లు గెలవవు. కారణం రాసిచ్చారు, రూలు చూశారు, రూలు సరిగ్గానే పాటించారు, పై అధికారి కూడా అదే అన్నాడు. అప్పుడు ఆ విషయం అక్కడితో ముగించండి. కోటాలోకి రాని పిల్లవాడికి ఫలానా ప్రైవేటు బడిలోనే సీటు కావాలనే హక్కు చట్టం ఇవ్వలేదు. ఏదో ఒక బడిలో, ఇంటికి దగ్గరలో, ఉచితంగా చదివే హక్కు ఇచ్చింది. ఆ హక్కు ఎక్కడ దెబ్బతింటే అక్కడ గట్టిగా నిలబడండి. దెబ్బతిననిచోట మీ శక్తిని ఆదా చేసుకుని పిల్లవాడి చదువు మీద పెట్టండి.

ఆపడం అంటే అవమానం మింగడం కాదు. కారణం తెలుసుకుని ఆపిన మనిషి మనసులో మండే నిప్పు ఉండదు. కారణం తెలియకుండా ఆపిన మనిషి ఆ బడి ముందు నుంచి వెళ్లిన ప్రతిసారీ కుమిలిపోతాడు. కారణం రాసివ్వమని అడగడం వల్ల సీటు రాకపోయినా మిగిలే లాభం ఇదే.

ఈ వారం చేయవలసిన పనులు

ఒకటి: పిల్లవాడి జనన ధ్రువపత్రం, ఆధార్, మార్కుల కార్డు, టీసీ, కుల, ఆదాయ ధ్రువపత్రాల నకళ్లు ఒకే కవరులో పెట్టండి. కుల, ఆదాయ పత్రాలు లేకపోతే ఇప్పుడే నాడకచేరిలో అర్జీ పెట్టండి. మామిడి కాలం వచ్చాక తీరిక దొరకదు.

రెండు: వచ్చే సంవత్సరం ఒకటో తరగతికి వయసు నియమం ఏమిటో బీఈఓ ఆఫీసులో అడిగి, ఆదేశం సంఖ్య, తేదీ రాసుకోండి.

మూడు: మీకు ఇంతకుముందు ఎవరైనా "లేదు" అని ఉంటే, అది పైన చెప్పిన నాలుగు రకాల్లో ఏ రకమో ఒక కాగితం మీద రాయండి. పక్కనే అయిదు వాక్యాల అర్జీ రాసి చూడండి. పంపకపోయినా ఫరవాలేదు, చేయి అలవాటు పడుతుంది.

నాలుగు: మీ వీధిలో చదువు రాని తల్లిదండ్రులు ఒక్కరికైనా ఈ అర్జీ రాసిపెట్టండి. 32వ సెక్షను "ఎవరైనా" అన్నది మీలాంటివాళ్ల కోసమే. తన బిడ్డ కోసం అడగడం ప్రేమ. పక్కింటి బిడ్డ కోసం కూడా అడిగే మనుషులు పదిమంది ఉన్న ఊళ్లో, ఏ హెడ్మాస్టరూ ఏ అధికారీ కారణం చెప్పకుండా ఒక పిల్లవాడిని గేటు బయట నిలబెట్టలేరు.